ఆ కాగితం ఎవరి దగ్గర ఉండాలి?

సంక్రాంతికి ఊరెళ్తే మా చిన్నాయన కొడుకు భోగి ముందు రోజు రాత్రికి గానీ ఇల్లు చేరలేదు. వాడు ఓపెన్‌కాస్ట్‌లో, అంటే పైనుంచి తవ్వే గనిలో, మట్టి తీసే ఒక ప్రైవేటు కాంట్రాక్టరు దగ్గర వోల్వో టిప్పరు డ్రైవరు. ఏంరా పండగపూట కూడా డ్యూటీయేనా అంటే, డ్యూటీ కాదన్నా ట్రైనింగ్ అన్నాడు. ఏడేళ్లుగా అదే బండి నడుపుతున్నావు, ఇప్పుడేం ట్రైనింగ్‌రా అంటే నవ్వి, "వీటీసీ అన్నా, ఇది మూడోసారి" అన్నాడు.

సంగతేంటంటే, పాత కాంట్రాక్టరు టెండరు అయిపోయింది, కొత్త కాంట్రాక్టరు వచ్చాడు, పని అదే, గుట్ట అదే, డ్రైవర్లు కూడా చాలామంది వాళ్లే. కానీ వీడి వొకేషనల్ ట్రైనింగ్ సర్టిఫికెట్ పాత కాంట్రాక్టరు ఫైల్లో ఉండిపోయింది. అడగడానికి వెళ్తే ఆఫీసు ఎత్తేసినం, ఫైళ్లు అన్నీ పోయినయ్ అన్నారట, ఎక్కడికి పోయాయో మాత్రం చెప్పలేదు. వీటీసీ లేకుండా గేట్ పాస్ ఇయ్యం అన్నాడు కొత్తాయన, రూలు ప్రకారం ఆయన మాటే కరెక్టు. కాబట్టి వీడు మళ్లీ వెళ్లి మొదటిసారి గని మొహం చూసేవాళ్లతో పాటు కూర్చుని హెల్మెట్ ఎందుకు పెట్టుకోవాలో విన్నాడు, అన్ని రోజులూ కూలి లేకుండా. నన్ను పట్టుకున్న విషయం ఏంటంటే వాడికి దీని మీద కోపం కూడా లేదు, వానాకాలం వాన పడ్డట్టు చెప్తున్నాడు.

హైదరాబాద్ వచ్చాక వీడి పాత ట్రైనింగ్ రికార్డు ఎక్కడైనా దొరుకుతుందేమో అని నెట్‌లో వెతుకుతుంటే ఎక్కడో అమెరికా లేబర్ డిపార్ట్‌మెంట్ నోటీసులోకి వెళ్లిపడ్డాను. అక్కడ పేపర్‌వర్క్ రిడక్షన్ యాక్ట్ అని ఒకటుంది, ఏ ప్రభుత్వ శాఖైనా జనం చేత ఫారం నింపించాలన్నా రిజిస్టరు రాయించాలన్నా, ముందు నోటీసు ఇచ్చి, ఈ కాగితం నిజంగా అవసరమా, ఇది రాయడానికి ఎన్ని గంటలు పడుతుంది అని జనాన్నే అడగాలి. నాకు దొరికింది బొగ్గు గనుల గురించి. సర్టిఫైడ్ మనుషులు ఎవరు, క్వాలిఫైడ్ మనుషులు ఎవరు అని ప్రతి గని యజమానీ ఒక లిస్టు పెట్టుకోవాలి కదా, ఆ లిస్టు రాయడానికి ఎంత టైం పడుతుందో లెక్కగట్టి పెట్టారు. చదివి ముందు నవ్వొచ్చింది, లిస్టు రాయడానికి కూడా గంటల లెక్కా అని. తర్వాత వీడు గుర్తొచ్చాడు. వీడు పోగొట్టుకున్న రోజుల లెక్క మన దగ్గర ఏ నోటీసులో రాస్తారు?

లంచ్‌లో ఒక కొలీగ్‌తో ఇదంతా చెప్తే ఆయన ఒకటే మాట అన్నాడు, "అందుకే చెప్పేది, కాగితాలు తగ్గించాలి, సగం రూల్స్ తీసేస్తే సగం బాధ పోతుంది". వారం రోజులు ఆ మాట మీదే ఆలోచించాను. ఆయన చెప్పింది సగం నిజం. కానీ మా తమ్ముడి కష్టం కాగితం ఎక్కువై వచ్చింది కాదు, ఉన్న ఒక్క కాగితం వాడి దగ్గర లేకపోవడం వల్ల వచ్చింది. గనిలో మనిషికిచ్చే సర్టిఫికెట్ ఆ మనిషిదా, గనిదా? నేను చూసినంతలో మన దగ్గర అది గనిదే. గొడవంతా అక్కడ మొదలవుతుందని నా అభిప్రాయం.

బాపు సర్టిఫికెట్

మా బాపు అండర్‌గ్రౌండ్‌లో మైనింగ్ సర్దార్‌గా, అంటే గని లోపల ఒక భాగంలో మనుషుల భద్రత చూసే ఉద్యోగిగా, రిటైరయ్యాడు. చేరింది మాత్రం కోల్ ఫిల్లర్‌గా, అంటే టబ్బుల్లోకి (బొగ్గు మోసే చిన్న బండ్లు) బొగ్గు ఎత్తే కూలీగా, తట్టా చెమ్మాస్ పట్టుకుని. పదో క్లాసు దాకా చదివాడు కాబట్టి ఎవరో ఎగదోస్తే సర్దారు పరీక్షకు కూర్చున్నాడు. ఆ పరీక్ష గురించి బాపు ఎన్నిసార్లు చెప్పినా కొత్తగానే ఉంటుంది, ముఖ్యంగా గ్యాస్ టెస్టింగ్. సేఫ్టీ ల్యాంపు వత్తి తగ్గించి తగ్గించి, దీపం చిన్న గింజంత అయ్యాక, దాని నెత్తిన సన్నగా నీలం రంగు టోపీ కనబడుతుందా లేదా చూడాలి, కనబడితే దాని ఎత్తును బట్టి గాలిలో మండే గ్యాస్ ఎంత శాతం ఉందో చెప్పాలి. "కండ్లు చీకటికి అలవాటు పడేదాక ఆగాలె, తొందరపడ్డోడు ఫెయిలు" అంటాడు.

ధన్‌బాద్‌లోని గని పరీక్షల బోర్డు నుంచి సర్టిఫికెట్ వచ్చిన రోజు అమ్మ దాన్ని దేవుడి దగ్గర పెట్టి కొబ్బరికాయ కొట్టింది. రెండు రోజులే అది మా ఇంట్లో ఉన్నది. సర్దారు డ్యూటీలో చేరగానే దాన్ని గని ఆఫీసులో ఇచ్చేయాలి. 1957 నాటి కోల్ మైన్స్ రెగ్యులేషన్లలో ఉన్న పద్ధతి అది, ఓవర్‌మన్ (సర్దారు పై ఉద్యోగి), సర్దారు, షాట్‌ఫైరర్ (మందుగుండు పేల్చేవాడు), ఎవరైనా సరే, ఆ పోస్టులో ఉన్నంతకాలం సర్టిఫికెట్ మేనేజరుకు అప్పజెప్పాలి, మేనేజరు రసీదు ఇవ్వాలి, డ్యూటీ మానేసినప్పుడు తిరిగివ్వాలి. బాపు రసీదు తెచ్చుకుని ట్రంకుపెట్టెలో దాచాడు. సర్టిఫికెట్ మీద బాపు ఫోటో ఎలా ఉంటుందో నాకు రిటైర్మెంట్ రోజు దాకా తెలీదు. చూస్తే మీసాలు పెద్దగా, మనిషి పుల్లలా, మా తమ్ముడే అనుకున్నా.

ఆ రూలు తప్పని నేను అనట్లేదు. ఒకే సర్టిఫికెట్ పెట్టి రెండు గనుల్లో పేరు నడిపించకుండా ఉండడానికి, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన డీజీఎంఎస్ (గనుల భద్రత చూసే కేంద్ర శాఖ) ఆఫీసరు అడగ్గానే చూపించడానికి పెట్టి ఉంటారు. అప్పట్లో జిరాక్సులు కూడా లేవు. పైగా రసీదు ఉంది, అది గుర్తు పెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

కానీ బాపు చెప్పిన ఒక ముచ్చట ఉంది. అప్పట్లో ఫిల్లర్లకి టబ్బుల లెక్కన కూలి. ఒక షిఫ్టులో బాపు ఒక జాగాలో పైకప్పు బాగాలేదు, సపోర్టు పడేదాకా ఎవరూ పోవద్దని ఆపాడు. వాళ్లకి టబ్బులు పోతాయి, అంటే కూలి పోతుంది. ఒకాయన గట్టిగా లేచాడు, "నిన్నటిదాక మాతోని తట్ట మోసినవ్, ఇయ్యాల నువ్వు చెప్తె మేం ఆగాల్నా, ఏదీ నీ సర్టిఫికెట్ చూపియ్" అని. బాపు దగ్గర ఏం లేదు. చేతిలో ఉన్న కర్రతో పైకప్పు మీద కొట్టాడట, రెండు గజాల అవతల గట్టి బండ మీద ఒకసారి, ఈ జాగాలో ఒకసారి. అక్కడ ఖంగుమంది, ఇక్కడ డొల్లగా డుబ్బుమంది. అందరూ గమ్మున కూర్చున్నారు. "కాయితం ఆఫీసుల ఉన్నది, బండ ఈడ ఉన్నది, ఏం జెయ్యాలె మరి" అంటాడు బాపు.

దీన్ని విన్నవాళ్లంతా చూశావా, అనుభవం ముందు సర్టిఫికెట్ ఎంత అంటారు. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నా. ఇప్పుడు ఆ ఫిల్లరు వైపు నుంచి ఆలోచిస్తే వేరేగా కనబడుతోంది. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. షిఫ్టు మొదలవడానికి ముందు రెండు గంటల లోపు ఆ డిస్ట్రిక్టు, అంటే గనిలో తనకిచ్చిన భాగం, అంతా తిరిగి చూసి, బాగుంది రండి అనేది సర్దారే, బాగాలేకపోతే మనుషుల్ని బయటికి తీయాల్సిందీ సర్దారే. ఆయన మాట నమ్మి తల లోపల పెట్టేవాడికి, నీకు ఆ విద్య ఉందా అని అడిగే హక్కు ఉండదా? మా బాపుకి ఉంది కాబట్టి సరిపోయింది. లేనివాడు చూపించాల్సిన కాగితం కూడా ఆఫీసులోనే ఉందని చెప్పి తప్పించుకోవచ్చు కదా.

నంబరు ఉంది, పరీక్ష లేదు

ఇది ఊహ కాదు. 2010 ఏప్రిల్ 5న అమెరికాలో వెస్ట్ వర్జీనియాలోని అప్పర్ బిగ్ బ్రాంచ్ గనిలో పేలుడు జరిగి 29 మంది చనిపోయారు. దర్యాప్తులో చాలా బయటపడ్డాయి, అందులో ఒకటి రెండు రకాల పుస్తకాలు, ప్రొడక్షన్ రిపోర్టులో రాసుకున్న ప్రమాదాలు చట్టం ప్రకారం రాయాల్సిన సేఫ్టీ పుస్తకంలో లేవు. నన్ను ఎక్కువ ఆపేసింది ఇంకో చిన్న కేసు. పేలుడుకు ముందు కొన్నాళ్లు అక్కడ ఫోర్‌మన్‌గా చేసిన ఒకతను అసలు ఫోర్‌మన్ పరీక్ష పాసే కాలేదు. తనది కాని లైసెన్సు నంబరు ఒకటి వేసుకుని, షిఫ్టుకు ముందు చేయాల్సిన తనిఖీలు చేసి, పుస్తకంలో ఆ నంబరు రాసి సంతకాలు పెట్టాడు. అదీ నెలల తరబడి. తర్వాత కోర్టులో ఒప్పుకున్నాడు, 10 నెలల జైలు పడింది.

ఆలోచించండి, అక్కడ కాగితం తక్కువేం లేదు. లిస్టు ఉంది, పుస్తకం ఉంది, నంబరు ఉంది, సంతకం ఉంది, గంటల లెక్క కూడా ఎవరో వేసే ఉంటారు. లేనిదల్లా ఆ నంబరు పెట్టి ఒక్కసారి స్టేట్ ఆఫీసుకి ఫోన్ చేసిన మనిషి. కాబట్టి కాగితం ఉంటే చాలు అనే వాదన కూడా నాది కాదు. చెక్ చేయని కాగితం లేని కాగితం కంటే ఇంకా చెడ్డది, ఎందుకంటే లేకపోతే కనీసం అనుమానం అయినా వస్తుంది.

మన దగ్గర దీనికి ఇంకో రూపం ఉంది. నాతో ఇంటర్ చదివి తర్వాత మైనింగ్ డిప్లొమా చేసిన ఒక ఫ్రెండ్‌కి, పేరు చెప్పలేను గానీ ఒక క్వారీ వాళ్ల నుంచి ఆఫర్ వచ్చింది. రావాల్సిన పని లేదు, సర్టిఫికెట్ పంపితే చాలు, నెలకి ఇంత అని. మెడికల్ షాపుల్లో గోడకి వేలాడే ఫార్మసిస్టు సర్టిఫికెట్ తెలుసు కదా, అదే వ్యాపారం. వాడు ఒప్పుకోలేదు, కానీ ఒప్పుకోవడానికి ఎంత దగ్గరగా వెళ్లాడో కూడా నాకు చెప్పాడు, అప్పుడు ఉద్యోగం లేదు మరి. షాపులో తప్పు మందు ఇస్తే ఒక మనిషికి, క్వారీలో తప్పు చోట మందు పెడితే ఎంతమందికి! 2025 ఆగస్టులో బాపట్ల జిల్లా బల్లికురవ దగ్గర గ్రానైట్ క్వారీలో రాళ్లు మీద పడి ఆరుగురు చనిపోయారు, ఆరుగురూ ఒడిశా నుంచి పనికొచ్చినవాళ్లు. ఆ క్వారీ కాగితాల సంగతి నేను మాట్లాడట్లేదు. అంత దూరం నుంచి వచ్చినవాడికి, తన నెత్తిమీద ఉన్న రాతి అంచుని పొద్దున చూసి సరేనన్న మనిషి ఎవరో, ఆయనకి మేట్ (క్వారీలో సర్దారు లాంటివాడు) సర్టిఫికెట్ ఉందో లేదో తెలుసుకునే దారి ఏముంటుంది అనేదే నా ప్రశ్న.

లోపల ఎంతమంది?

సర్టిఫికెట్ ఒక ఎత్తు, అసలు ఈ మనిషి ఎవరు, ఇప్పుడు లోపల ఉన్నాడా లేడా అనేది ఇంకో ఎత్తు. గని మీద పాత పద్ధతి ల్యాంప్‌రూమ్ బిళ్ళ. నంబరు బిళ్ళ ఇచ్చి ల్యాంపు తీసుకుంటారు, ల్యాంపు తిరిగిచ్చి బిళ్ళ తీసుకుంటారు, షిఫ్టు దిగాక బోర్డు మీద బిళ్ళ మిగిలిందంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. బాపు డ్యూటీలో ఒకరోజు ఒక బిళ్ళ మిగిలింది. బాపు, ఇంకో ఇద్దరు మళ్లీ దిగి రెండు గంటలు వెతికారు, పేరు పెట్టి అరుచుకుంటూ. ఆయన ఇంకో దారిన పైకొచ్చి, కడుపునొప్పి అని ల్యాంపుతో సహా ఇంటికి పోయి పడుకున్నాడు. మర్నాడు చార్జిషీటు ఇచ్చారు. ఆయనకి చార్జిషీటు వచ్చిందని మా గల్లీ అంతా నవ్వుకుంది గానీ బాపు నవ్వలేదు. ఒక బిళ్ళ కోసం ముగ్గురు మనుషులు ఖాళీ గనిలోకి మళ్లీ దిగారు.

1975 డిసెంబర్ 27న ధన్‌బాద్ దగ్గర చాస్నాలా గనిలో నీళ్లు దూకి 375 మంది పోయారు, చాలా రోజులకి బయటికి తీసిన శరీరాలను ల్యాంపుల మీది నంబర్లు చూసి గుర్తుపట్టారు. ఆ నంబరు రాసిన పుస్తకం పైన ఉండబట్టే ఇంటికి కబురు వెళ్లింది. ఇదేదో పాతకాలం మాట అనుకుంటే, 2023 నవంబర్ 12న ఉత్తరాఖండ్‌లో సిల్క్యారా సొరంగం కూలినప్పుడు లోపల 40 మంది ఉన్నారని చెప్పారు, దేశమంతా 40 అనే అంకె జపించింది, దాదాపు వారం అయ్యాక తేలింది ఏంటంటే 41 మంది. అది గని కాదు, సొరంగం, నిజమే. అయినా అన్ని కెమెరాల ముందు, అన్ని రోజులు, ఒక మనిషి లెక్కలోనే లేడు! అదృష్టం బాగుండి 17వ రోజున అందరూ బయటికొచ్చారు, చివరి కొన్ని మీటర్లు చేత్తో తవ్వి దారి చేసింది ర్యాట్‌హోల్ మైనర్లు, అంటే ఎలుక బొరియల్లాంటి సన్న సొరంగాలు తవ్వేవాళ్లు, సర్దారు సర్టిఫికెట్ల లోకం వాళ్లది కాదు. ఇది నా వాదనకి అడ్డంగా వస్తుందని తెలుసు, అందుకే రాస్తున్నా.

ఎందుకంటే అదే ర్యాట్‌హోల్ పని చేసే మేఘాలయాలో, క్సాన్ దగ్గర 2018 డిసెంబర్ 13న గనిలోకి నీళ్లొచ్చినప్పుడు 15 మంది దాకా చిక్కుకున్నారు. "దాకా" అనే మాట చూడండి. 2014 నుంచే గ్రీన్ ట్రిబ్యునల్ నిషేధం ఉన్న పని కాబట్టి రిజిస్టరు అనేదే ఉండదు, పేర్లు ఊళ్ల వాళ్లు చెప్తే తెలియాలి. ఆ మనుషుల చేతుల్లో ఉన్న పనితనం మీద నాకు ఏ అనుమానమూ లేదు, సిల్క్యారాలో చూశాం. కానీ పనితనం ఉన్నవాడు లోపల ఉండిపోతే, ఉన్నాడని చెప్పే కాగితం ఒకటి పైన ఉండాలి.

పేరు ఒకరిది, మనిషి ఇంకొకరు

కోల్‌బెల్ట్ వాళ్లకి మారుపేర్ల గురించి నేను చెప్పక్కర్లేదు. ఒకప్పుడు అన్న పేరు మీద తమ్ముడు, బావ పేరు మీద బామ్మర్ది సింగరేణిలో చేరిపోయారు, ఆ పేరుతోనే ఏళ్ల తరబడి మస్టర్ పడింది, జీతం వచ్చింది. ఊళ్లో, ఓటరు లిస్టులో మాత్రం ఇంకో పేరు. ఆధార్ వచ్చాక ఆ రెండు పేర్లూ ఎదురెదురు పడ్డాయి, వారసత్వ ఉద్యోగాలు ఆగిపోయాయి, ఇక్కడ యూనియన్ ఎన్నికలంటే మారుపేర్ల హామీ లేకుండా ఉండదు.

నాకు ఇందులో వింతగా అనిపించేది ఏంటంటే, ఇది అప్పర్ బిగ్ బ్రాంచ్ కేసుకి సరిగ్గా తిరగేసిన బొమ్మ. అక్కడ పేరు నిజం, విద్య అబద్ధం. ఇక్కడ విద్య నిజం, ట్రైనింగ్ అయింది, పని వచ్చు, ప్రతి ఐదేళ్లకీ మెడికల్ అయింది, పేరు ఒక్కటే అబద్ధం. శిక్ష మాత్రం ఇక్కడ పిల్లల దాకా వచ్చింది. గనిలో ప్రతి కార్మికుడి వివరాలు రాసే బి-ఫారం రిజిస్టరులో పేరు, తండ్రి పేరు, వయసు అన్నీ ఒకసారి రాసి వేలిముద్ర వేయించుకుంటారు, ఆ వేలిముద్ర వేసినవాడు మళ్లీ ఆ పేజీ ఎప్పుడు చూస్తాడు? రిటైర్మెంట్ నోటీసు వచ్చినప్పుడు. నా వయసు తప్పు పడ్డది సార్ అని అప్పుడు మొదలవుతుంది.

ఆ వయసు గొడవల్లో కూడా సర్టిఫికెట్‌కి ఎంత బలం ఉందో చూడండి. బొగ్గు పరిశ్రమ వేతన ఒప్పందాల కింద వచ్చిన ఐ.ఐ. నంబర్ 76 అని ఒక ఆదేశం ఉంది, పుట్టిన తేదీ తగాదాల్లో దాన్నే చూస్తారు. పదో తరగతి సర్టిఫికెట్ తేదీ ఒప్పుకున్నట్టే, మైనింగ్ సర్దార్, వైండింగ్ ఇంజన్ లాంటి చట్టబద్ధ సర్టిఫికెట్లలో మేనేజరు ధ్రువీకరించిన తేదీని కూడా నమ్మాలని అందులో ఉంది. అంటే గ్యాస్ చూడడం వచ్చని ఇచ్చిన కాగితం, మనిషి ఎప్పుడు పుట్టాడో, ఇంకా ఎన్నేళ్లు జీతం తీసుకోవచ్చో కూడా తేలుస్తుంది. అంత పని చేసే కాగితం ఆ మనిషి దగ్గర తప్ప అందరి దగ్గరా ఉంటుంది.

రాళ్ల క్వారీల్లో ఇది ఇంకా అన్యాయం. దుమ్ము పీల్చి పీల్చి పదిహేనేళ్ల తర్వాత సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తే, పరిహారం అడిగినవాడిని మొదట అడిగే ప్రశ్న నువ్వు ఎక్కడ పనిచేశావు, రుజువేది అని. రిజిస్టరు యజమాని దగ్గర, యజమాని ఎక్కడో. ఎక్స్‌రేలో దుమ్ము కనబడుతుంది గానీ ఆ దుమ్ము ఏ క్వారీదో కనబడదు కదా.

కొలీగ్ మాటలో సగం నిజం

ఇప్పుడు కాగితాలు తగ్గించాలి అన్న మాట దగ్గరికి వస్తాను. బాపు చివరి ఏళ్లలో ఎక్కువ విసుక్కున్నది రాతపని గురించే. షిఫ్టు అయ్యాక రిపోర్టు రాయడం ఎప్పుడూ ఉంది, అది వేరు. కానీ రానురాను ఒకే సంగతి మూడు చోట్ల రాయాల్సి వచ్చిందట, "నేను పైకప్పు చూడాల్నా, పుస్తకం చూడాల్నా" అనేవాడు. దీనికి నా దగ్గర ఎదురు సమాధానం లేదు. రాసే చెయ్యి, కర్రతో బండ మీద కొట్టి చూసే చెయ్యి ఒకటే.

ఇంకోటి, 2022 మార్చి 7న సింగరేణి అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పైకప్పు కూలి ముగ్గురు చనిపోయారు, అందులో సేఫ్టీ ఆఫీసర్ ఒకరు. ఆ ఏరియా మొత్తంలో అర్హతల కాగితాలు ఎవరికైనా పక్కాగా ఉన్నాయంటే ఆయనకే ఉండి ఉంటాయి. బండ సర్టిఫికెట్ చదవదు. ఈ మాట మా ఊళ్లో అప్పుడు చాలామంది అన్నారు, నేనూ కాదనలేను.

అయినా నేను తగ్గించు అనే వైపు వెళ్లలేకపోతున్నా, ఎందుకంటే తగ్గించేటప్పుడు ముందు పోయేది ఏదో తెలుసు. ఒకే సంగతి మూడు చోట్ల రాసేది పోదు, అది ఆఫీసులకి కావాలి. కార్మికుడికి ఇవ్వాల్సిన కాపీ పోతుంది.

అమెరికా వాళ్ల దగ్గర నాకు నచ్చింది వాళ్ల గంటల లెక్క కాదు, వాళ్ల ట్రైనింగ్ ఫారం, 5000-23 అని దాని నంబరు. అండర్‌గ్రౌండ్‌కి కొత్తగా వచ్చినవాడికి 40 గంటల ట్రైనింగ్, తర్వాత ఏటా 8 గంటలు, అది అయిపోగానే ఆ ఫారం కాపీ ఒకటి కార్మికుడి చేతికివ్వాలి. గని దగ్గర ఉన్న సర్టిఫికెట్లు ఇన్‌స్పెక్టరుకే కాదు, కార్మికులు అడిగినా చూపించాలి. చేయని ట్రైనింగ్ చేసినట్టు సంతకం పెడితే శిక్ష అని ఫారం మీదే అచ్చు వేసి ఉంటుంది. ఇంకా అసలుది, ట్రైనింగ్ లేనివాడు లోపల కనబడితే ఇన్‌స్పెక్టరు వాడిని వెంటనే బయటికి పంపిస్తాడు, కానీ ఆ రోజులకి వాడి జీతం కోయకూడదు, ఉద్యోగం తీయకూడదు. ట్రైనింగ్ ఇవ్వకపోవడం యజమాని తప్పు కాబట్టి ఖర్చు యజమానిది. ఈ ఒక్క వాక్యం మన దగ్గర అమలైతే మా తమ్ముడి పాత ఫైలు రెండు రోజుల్లో దొరికేదని నా గట్టి నమ్మకం. అట్లని అక్కడ అంతా బాగుందని కాదు, 29 మంది సంగతి పైనే రాశాను, అదంతా ఉండగానే అది జరిగింది.

నా వాదనలో నాకే అనుమానం ఉన్న చోటు కూడా చెప్పేస్తా. సర్టిఫికెట్ మనిషి చేతికిస్తే అద్దెకిచ్చే వ్యాపారం పెరగదా? మా ఫ్రెండ్‌కి ఆఫర్ వచ్చిందే అది వాడి చేతిలో ఉంది కాబట్టి. 1957లో రూలు రాసినవాళ్లు పిచ్చోళ్లు కాదు. దీనికి నాకు తోచింది ఏంటంటే, ఒరిజినల్ ఆఫీసులోనే పెట్టుకోండి, కాపీ మాత్రం మనిషికి తప్పనిసరిగా ఇవ్వండి, ఏ సర్దారు ఏ డిస్ట్రిక్టులో డ్యూటీలో ఉన్నాడో, ఎప్పుడు పాసయ్యాడో ల్యాంప్‌రూమ్ దగ్గర ఫోటోతో గోడకి పెట్టండి. అద్దె సర్టిఫికెట్‌ని పట్టుకునేది రెండేళ్లకోసారి వచ్చే ఆఫీసరు కాదు, రోజూ పక్కన నడిచేవాడు. గోడ మీద ఫోటో ఒకరిది, లోపల కర్ర పట్టుకుని వచ్చింది ఇంకొకరు అయితే ఫిల్లరుకి మొదటి రోజే తెలుస్తుంది. మాట్లాడే ధైర్యం చేస్తాడా అంటే, పర్మనెంటోడు చేయొచ్చు, కాంట్రాక్టోడు చేయడు. అదీ తెలుసు.

2025 నవంబర్ 21 నుంచి లేబర్ కోడ్లు అమల్లోకి వచ్చాయి, మైన్స్ యాక్ట్ కూడా అందులో కలిసిపోయింది, ప్రతి కార్మికుడికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాలి అని ఉంది. మా తమ్ముడిని అడిగా, నీకు ఇచ్చారా అని. "సంతకం పెట్టించుకున్నరన్నా" అన్నాడు. నీ చేతికి ఇచ్చారా అని మళ్లీ అడిగా. "ఫైల్ల పెట్టిన్రు" అన్నాడు.

కనుమ రోజు బాపు ట్రంకుపెట్టె తీసి వాడికి తన సర్టిఫికెట్ చూపించాడు, దానితో పాటు ఆ పాత రసీదు కూడా, మడతల దగ్గర చిరిగి ఉంది. సర్టిఫికెట్ తిరిగొచ్చాక రసీదు ఎందుకు బాపూ, ఆఫీసు వాళ్లకి వాపస్ ఇయ్యలేదా అంటే, అడిగినా ఇయ్యలేదు, పోయిందని చెప్పిన అన్నాడు. వాడు రసీదునే చాలాసేపు చూశాడు. సర్టిఫికెట్ నంబరు, తేదీ, కింద సంతకం, అంతే ఉంది దాని మీద. "పెద్దనాయనా, మాకు ఇసొంటిది ఇయ్యరు" అన్నాడు.

వాడి పేరు మీద కొత్త కాంట్రాక్టరుకి ఒక అప్లికేషన్ రాసిచ్చాను, ట్రైనింగ్ సర్టిఫికెట్ కాపీ, అపాయింట్‌మెంట్ లెటర్ కాపీ ఇప్పించగలరు అని, అర పేజీ. ఇచ్చాడో లేదో ఇంకా ఫోన్ చేసి అడగలేదు.